దారిలో కొన్న కలప: చట్టం, తడి, చేవ

ఒక నగల పెట్టె, వీణకు నాలుగు బిరడలు, కత్తికో పిడి, దేవుడి గూటికి చిన్న తలుపులు. వీటికి పట్టే కలప రెండు మూడు కిలోలకు మించదు. ఊళ్ళో అడితిలో దొరికే టేకు, మద్ది కాకుండా, వేరే ప్రాంతానికి వెళ్ళినప్పుడు అక్కడి మేలురకం కలప కొని తెచ్చుకోవాలని చెక్కపని సరదాగా చేసుకునేవాళ్ళు కోరుకుంటారు. ఈ చిన్న కొనుగోలు చుట్టూ పెద్ద వాదమే నడుస్తోంది. వడ్రంగులది ఒక మాట, అటవీ శాఖది ఇంకో మాట, వాద్యాలు తయారుచేసేవాళ్ళది మరో మాట, చెట్ల గురించి బెంగపడేవాళ్ళది వేరే మాట. అందరి మాటలోనూ న్యాయం ఉంది. మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేయడంతోనే చిక్కు పడింది. ఈ కలప తీసుకెళ్ళవచ్చా? అమ్మేవాడు చెప్పిన కలపేనా ఇది? మన ఇంటి గాలికి నిలుస్తుందా? ఒకదానికి జవాబు దొరికితే మిగతా రెండూ తేలిపోయినట్టు మాట్లాడటం అన్ని వైపులా కనిపిస్తుంది.

వాదం ఎలా ముదిరింది

మన దేశంలో కలపకు కాగితం అడగడం కొత్తేమీ కాదు. 1927 నాటి భారత అటవీ చట్టం ‘కలప’కు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. కూలిన చెట్టూ, నరికిన చెట్టూ కలపే. కోసినా, మలిచినా, తొలిచినా కలపే. అదే చట్టంలోని 69వ సెక్షను ప్రకారం, అటవీ ఉత్పత్తి ప్రభుత్వానిదా కాదా అన్న ప్రశ్న వస్తే, కాదని రుజువయ్యేదాకా అది ప్రభుత్వానిదే అని భావించాలి. అంటే రుజువు చూపవలసింది కలప ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు. రాష్ట్రాలు తమ తమ చట్టాలు చేసుకున్నాయి. మనకు 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ఉంది. దాని కింద కలప రవాణాకు నియమాలున్నాయి, చందనానికీ ఎర్రచందనానికీ ప్రత్యేక నియమాలున్నాయి. ఒక రాష్ట్రంలో పర్మిట్ అక్కరలేని చెట్టుకు పక్క రాష్ట్రంలో పర్మిట్ కావలసి రావచ్చు. కారు డిక్కీలో పలక పెట్టుకుని సరిహద్దు దాటేవాడికి మొదట ఎదురయ్యే తిరకాసు ఇదే.

దేశాల మధ్య కట్టుబాటు తర్వాత వచ్చింది. అంతరించిపోయే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం 1973లో వాషింగ్టన్‌లో కుదిరి, 1975లో అమలులోకి వచ్చింది. 1976లో భారత్ చేరింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992లో మొదటి అనుబంధంలోకి ఎక్కడంతో దాని వ్యాపారం దాదాపు ఆగిపోయింది. మన ఎర్రచందనం 1995లో, పర్మిట్‌తోనే వ్యాపారం సాగే రెండో అనుబంధంలో చేరింది. వాదాన్ని ఒక్కసారిగా రాజేసింది మాత్రం 2016లో జొహానెస్‌బర్గ్ సైటీస్ సమావేశంలో తీసుకున్న నిర్ణయం. అప్పటికే మొదటి అనుబంధంలో ఉన్న బ్రెజిల్ జాతి తప్ప, రోజ్‌వుడ్ చెట్ల ప్రజాతి డాల్బెర్జియా మొత్తాన్నీ రెండో అనుబంధంలో పెట్టారు. 2017 జనవరి 2 నుంచి అది అమలైంది. అడవిలో అరుదైపోయిన జిట్రేగీ, ఉత్తర భారతంలో పొలం గట్ల మీద విరివిగా పెరిగే సిస్సూ ఒకే నియమం కిందికి వచ్చాయి. గిటారు పట్టుకుని విమానమెక్కే కళాకారుల దగ్గర నుంచి సహారన్‌పూర్ చెక్కపనివాళ్ళ దాకా అందరికీ సెగ తగిలింది.

పుట్టినచోటే కొనాలనే పక్షం

కలప తన ఊళ్ళో దొరికినంత నికరంగా మరెక్కడా దొరకదన్నది ఈ పక్షం మూల వాదన. ఏటికొప్పాకలో లక్క బొమ్మలకు వాడే అంకుడు కర్రను చూస్తే ఇది అర్థమవుతుంది. తెల్లగా, మెత్తగా, ముడులు లేకుండా ఉండే ఈ కర్ర లేతు మీద బాగా తిరుగుతుంది. తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగారింపు వస్తుంది. కర్ణాటకలోని చన్నపట్టణ బొమ్మలదీ ఇదే చెట్టు, అక్కడ దాన్ని హాలె మర అంటారు. ఇలాంటి కర్రను కొనేటప్పుడు ఎప్పుడు నరికారు, ఎన్నాళ్ళు ఆరబెట్టారు, బెరడు ఎప్పుడు తీశారు అని అడిగితే జవాబు చెప్పగలవాడు అక్కడే ఉంటాడు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను నిప్పు సెగకు నిదానంగా ఆరబెట్టి చెక్కుతారు, ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. బొబ్బిలి వీణ పనివాళ్ళు ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. ఈ పరిజ్ఞానం బజారులో చుట్టకట్టి అమ్మే సరుకు కాదు. అక్కడికి వెళ్ళి అడిగినవాడికే అందుతుంది.

డబ్బు ఎవరికి చేరుతుందన్నది రెండో వాదన. మధ్యవర్తులు తగ్గితే పనివాడికి నాలుగు రూపాయలు ఎక్కువ ముడుతుంది. ఆ చెట్టును నరకకుండా పెంచడానికి ఊరికి ఒక కారణం దొరుకుతుంది. గ్వాటెమాలా ఉత్తరాన పెతేన్ అడవుల్లో గ్రామ సంఘాలకే మహాగని నరికే హక్కులిచ్చి, అడవిని కాపాడే బాధ్యత కూడా అప్పజెప్పారు. ఈ పక్షం తరచూ చూపే ఉదాహరణ అది.

మూలానికి వెళ్ళి చూస్తేనే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. అమెరికాలో గిటార్లు తయారుచేసే బాబ్ టేలర్ 2011లో కామెరూన్‌లోని ఒక ఎబొనీ మిల్లులో భాగస్వామి అయ్యాడు. పూర్తిగా నల్లని చేవ ఉన్న ఒక్క చెట్టు కోసం పది చెట్లు కూలుస్తున్నారని, చారలున్నవాటిని అడవిలోనే వదిలేస్తున్నారని అప్పుడు తెలిసిందని ఆయన చెప్పాడు. చారల కలపనూ అదే ధరకు కొని గిటార్లకు వాడతామని ప్రకటించాడు. నల్లదే మేలన్న కొనుగోలుదారు అభిరుచి ఎన్ని చెట్లను కూల్చిందో లెక్కకు అందదు. నా దృష్టిలో ఈ పక్షానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం లేదు.

బలహీనత కూడా ఇక్కడే ఉంది. అక్కడి పనివాడికి తన కర్ర తెలుసు గాని, దాన్ని ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళడానికి ఏ కాగితం కావాలో తెలియకపోవచ్చు. కొండపల్లి చుట్టుపక్కల కొండల్లో పొణికి తగ్గిపోతోందని పనివాళ్ళే ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. అలాంటి చోట బొమ్మ కొంటే పనివాడికి మేలు జరుగుతుంది, ముడి కర్ర కొంటే అతని పనికి కావలసిన సరుకు తగ్గుతుంది. నికరంగా కొనడం ఒకటి, మేలు చేయడం ఒకటి. ఈ రెండూ ఎప్పుడూ కలిసి రావు.

కాగితం లేని కలప ముట్టవద్దనే పక్షం

వీళ్ళు తరచూ చూపే కేసు అమెరికాలోని గిబ్సన్ గిటార్ల కంపెనీది. 1900 నాటి లేసీ చట్టాన్ని 2008లో సవరించి, వేరే దేశపు చట్టాన్ని ఉల్లంఘించి తెచ్చిన కలపను దిగుమతి చేసుకోవడం, కొనడం, అమ్మడం కూడా నేరమే అన్నారు. 2009లో, మళ్ళీ 2011లో ఆ కంపెనీ మీద సోదాలు జరిగాయి. మొదటిది మడగాస్కర్ ఎబొనీ గురించి. రెండోది మన దేశం నుంచి వెళ్ళిన రోజ్‌వుడ్, ఎబొనీ పలకల గురించి. గిటారు మెడ మీద అతికించే ఆ సన్నని పలకల విషయంలో అంతా మిల్లీమీటర్ల మీద నడిచింది. సుంకాల పట్టికలో 6 మిల్లీమీటర్లు దాటిన పలక కోసిన కలప, దాటనిది వెనీర్. స్వదేశీ కోసిన కలప ఎగుమతికి మన దేశం ఒప్పుకోదు, వెనీర్‌కు ఒప్పుకుంటుంది. 2012లో కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానా కట్టి రాజీపడింది. భారతీయ పలకల విషయంలో మాత్రం, మన చట్టం ఏమంటుందో స్పష్టం కానందున, భారత ప్రభుత్వం తేల్చి చెప్పేదాకా చర్య తీసుకోబోమని అదే ఒప్పందంలో అమెరికా ప్రభుత్వం రాసుకుంది. లాయర్లున్న కంపెనీకే అంతుబట్టని నియమం, సెలవుల్లో ఊరికి వచ్చి డాలస్‌కు తిరుగు ప్రయాణంలో పెట్టెలో పలక పెట్టుకునే తెలుగువాడికి ఎలా తెలుస్తుందని ఈ పక్షం అడుగుతుంది. అది సరైన ప్రశ్నే.

సొంత వాడకానికే కదా అనుకునేవాళ్ళు గమనించవలసిన మార్పు ఇంకొకటి ఉంది. 2017 నియమం ప్రకారం, వ్యాపారం కోసం కాకుండా తీసుకెళ్ళే 10 కిలోల లోపు రోజ్‌వుడ్‌కు సైటీస్ పర్మిట్ అక్కరలేకపోయేది. అది పలకైనా, పూర్తయిన వస్తువైనా ఒకటే. 2019లో జెనీవాలో ఆ వాక్యం మార్చారు. ఇప్పుడు 10 కిలోల మినహాయింపు పూర్తిగా తయారైన వస్తువులకే. వాద్యాలకు వేరుగా మినహాయింపు ఇచ్చారు. 2022లో పనామాలో మన దేశం పట్టుబట్టి, బరువును మొత్తం సరుకు మీద కాక ఒక్కో వస్తువు మీద లెక్కించేలా వివరణ తెచ్చుకుంది. హస్తకళల ఎగుమతిదారులకు అది పెద్ద ఊరట. చెక్కపని నేర్చుకునేవాడికి మాత్రం తలుపు మూసుకుంది. రోజ్‌వుడ్ పెట్టె కొనుక్కుని దేశం దాటవచ్చు, పెట్టె చేసుకుందామని రోజ్‌వుడ్ ముక్క పట్టుకెళితే పర్మిట్ కావాలి. పాత నియమం చదివిన చాలామంది ఇప్పటికీ 10 కిలోల మాటే చెబుతున్నారు.

పురుగుల భయం ఇంకో కోణం. అమెరికాలో డెట్రాయిట్ దగ్గర 2002లో బయటపడిన ఆకుపచ్చ పెంకుపురుగు ఆసియా నుంచి చేరింది. అక్కడి యాష్ చెట్లను కోట్ల సంఖ్యలో చంపింది. వంటచెరకు వెంట అది ఊరూరా పాకింది. ఇలాంటి పురుగులను అడ్డుకోవడానికే రవాణా పెట్టెల చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచాలని అంతర్జాతీయ ప్రమాణం పెట్టారు. మన దేశంలోకి తెచ్చే కలపకు 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. ఆస్ట్రేలియాలో దిగేవాళ్ళు చెక్క బొమ్మను కూడా ప్రకటించాలి. బెరడు అంటుకుని ఉన్న ముక్క ఏ దేశపు విమానాశ్రయంలోనైనా తంటాలు తెచ్చిపెట్టేదే.

ముందు తడి చూడమనే పక్షం

చట్టం, పేరు రెండూ సరిపోయినా, చేసిన పెట్టె మూత ఆరు నెలలకు బిగుసుకుపోతే కొన్న కలప దండగ. వడ్రంగులలో అనుభవజ్ఞులు ఎక్కువగా ఈ పక్షాన ఉంటారు. కలప తన చుట్టూ ఉన్న గాలిని బట్టి తడి పీల్చుకుంటుంది, వదులుతుంది. గాలిలో తేమ 80 శాతం దగ్గర ఉంటే కలపలో తడి 16 శాతం దగ్గర నిలుస్తుంది. తేమ 40 శాతానికి దిగితే తడి 8 శాతానికి దగ్గరవుతుంది. విశాఖ తీరంలో వానాకాలం కొన్న పలకకూ, హైదరాబాదు ఎండాకాలంలోనో ఏసీ గదిలోనో ఉన్న పలకకూ తేడా అంత ఉండవచ్చు.

టేకు పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట 5.8 శాతం, వాటికి అడ్డంగా 2.5 శాతం కుంచించుకుపోతుందని లెక్క. ఈ కుంచింపు తడి 28 శాతం దగ్గర మొదలవుతుంది. 150 మిల్లీమీటర్ల వెడల్పున్న పలక 16 నుంచి 8 శాతానికి దిగితే, వలయాలు పడుకున్నట్టు కోసిన పలకైతే సుమారు రెండున్నర మిల్లీమీటర్లు తగ్గుతుంది. వలయాలు నిలబడినట్టు కోసినదైతే ఒక్క మిల్లీమీటరు. గాడిలో జారే మూతకు ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడాయే ప్రాణం. పైగా టేకు తక్కువగా కదిలే కలపల్లో ఒకటి, చాలా కలపలు ఇంతకన్నా ఎక్కువ కదులుతాయి. అందుకే అడితిలో పలక ముఖం మీది చారలను చూసి మురిసిపోయే ముందు దాని కొసను చూడాలి. కొసన వలయాలు ఎటు వాలి ఉన్నాయో, నెర్రెలు ఎంత లోతుకు పోయాయో కనిపిస్తుంది. కొసకు మైనమో రంగో పూసి ఉంటే, అది పచ్చిగా ఉన్నప్పుడు నెర్రెలివ్వకుండా వేసిన పూత. లోపల ఇంకా తడి ఉండవచ్చు. చేతిలో ఇమిడే తేమ మీటరు ఉంటే సందేహం తీరుతుంది. ఇంటికి తెచ్చాక పలకల మధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, పని చేయబోయే గదిలోనే కొన్ని వారాలు ఉంచి, బరువు తగ్గడం ఆగాక గాని చిత్రిక పట్టకూడదంటారు. ఈ పక్షం మాటకు ఎదురు చెప్పినవాళ్ళు నాకు కనబడలేదు. పాటించేవాళ్ళే తక్కువ.

పేరొకటి, చెట్టొకటి

కలప వ్యాపారంలో పేర్లు చాలా తప్పుదారి పట్టిస్తాయి. ‘ఘనా టేకు’ నిజంగా టేకే, అక్కడి తోటల్లో నాటి పెంచినది. ‘ఆఫ్రికన్ టేకు’ అన్నది తరచూ ఇరోకో, టేకుతో దానికి చుట్టరికం లేదు. ‘మలబారు వేప’ మన వేప కాదు, అదే కుటుంబంలోని మరో చెట్టు. జావా తోటల్లో సోనోకెలింగ్ అని అమ్మే కలప మన జిట్రేగి చెట్టుదే. కాబట్టి పేరు వినగానే కొనడమూ తప్పే, కొత్త పేరని తోసిపుచ్చడమూ తప్పే.

ఎర్రచందనం నీట మునుగుతుందని పరీక్ష చెబుతారు. మునిగే కలపలు ఇంకా చాలా ఉన్నాయి, దానితో ఏదీ తేలదు. రంగు ఎండకు మారుతుంది, పాలిష్ కింద దాగుతుంది. కొసను పదునైన బ్లేడుతో నున్నగా గీసి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో రంధ్రాల అమరిక చూడటం ఎక్కువ నమ్మదగిన పద్ధతి. అదీ చాలాసార్లు ప్రజాతిని మాత్రమే చెబుతుంది, జాతిని కచ్చితంగా తేల్చదు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ, బెంగళూరులోని కలప శాస్త్ర సంస్థ నమూనాలు పరీక్షించి చెబుతాయి. ప్రయాణంలో ఉన్నవాడికి మాత్రం ఆ వ్యవధి ఉండదు.

అడవి జోలికి పోని కలప

పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే దూలాలు, తలుపు చట్రాలు వాడుకోవాలన్నది ఇటీవల బలపడిన ఆలోచన. చెట్టినాడు భవంతుల బర్మా టేకు స్తంభాలు, వాకిళ్ళు కారైకుడి పాత సామాన్ల బజారుకు చేరుతాయి. దశాబ్దాలు ఆరిన కలప కాబట్టి కదలిక తక్కువ. మయన్మార్ 2014లో దుంగల ఎగుమతిని నిషేధించింది, ఆనాటి నాణ్యత ఇప్పుడు కొత్తగా దొరకడం కష్టం. లోపల దాగిన మేకులు రంపాన్ని పాడుచేస్తాయి, చెదలు తిన్న భాగం పైకి తెలియదు. చట్టం దృష్టిలో పాతదైనా కలపే, బిల్లు తప్పదు.

తోటల కలపది ఇంకో దారి. కేరళలో పాలు ఆగిపోయాక నరికే రబ్బరు చెట్టు, అరకు కాఫీ తోటల్లో నీడకు, మిరియాల తీగకు ఆధారంగా పెంచే సిల్వర్ ఓక్, కాపు ఉడిగిన మామిడి. సిల్వర్ ఓక్‌ను సరైన కోణంలో కోస్తే పలక మీద జాలీ అల్లినట్టు మెరుపు కనిపిస్తుంది. ఆ అందానికి రావలసినంత పేరు రాలేదు. నిలంబూరులో టేకు తోటలు 1840ల నుంచీ ఉన్నాయి. అటవీ డిపోలో మాత్రం దుంగల వేలమే ప్రధానం, పెట్టెకు సరిపడే ముక్క కావాలంటే కోత మిల్లులను ఆశ్రయించాలి. త్వరగా నరికే తోటల టేకులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ ఉంటుందన్న ఫిర్యాదు నిజమే. పెద్ద తలుపుకు అది లోపం గాని, చిన్న పెట్టెకు చేవ ముక్కలు ఏరుకోవచ్చు.

పక్కపక్కన పెట్టి చూస్తే

పుట్టినచోట కొనాలనేవాళ్ళు రెండో ప్రశ్నకు, అంటే ఇది ఏ కలప అన్నదానికి, అందరికన్నా మంచి జవాబు ఇస్తున్నారు. మొదటి ప్రశ్న దగ్గర తడబడుతున్నారు. కాగితం పక్షం మొదటిదానికి గట్టి జవాబే ఇస్తుంది గాని, దాన్ని అక్షరాలా పాటిస్తే పనివాడికీ కొనేవాడికీ మధ్య ఉన్న మంచి బంధం తెగిపోతుంది. తడి పక్షం మూడోదానికి తప్ప వేటికీ జవాబు చెప్పదు, చెప్పిన చోట తిరుగులేదు.

రెండు మూడు కిలోల పని మీద ఉన్నవాడికి నేను చెప్పేది ఇది. ఎర్రచందనం, చందనం, అడవి జిట్రేగి ముడి కలపగా కొనవద్దు, ఎంత ముద్దొచ్చినా సరే. వాటి మీద మోజుంటే తయారైన వస్తువును బిల్లుతో కొనండి. ఒకే రాష్ట్రం లోపల తోటల కలప, పాత కలప కొనడానికి వెనకాడనక్కరలేదు. బిల్లులో చెట్టు పేరు, కొలత, అమ్మినవారి చిరునామా రాయించుకోవాలి. కొలత దగ్గర ఒక మాట. దుంగను నాలుగో వంతు చుట్టుకొలత పద్ధతిలో కొలిస్తే అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే లెక్కకు వస్తుంది, పలకను అలా కొలవరు. రెండు ధరలనూ పక్కన పెట్టి పోల్చేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. దేశం దాటేటప్పుడు మాత్రం మన కలపను పలకగా తీసుకెళ్ళకపోవడమే మేలు.

ఇంకా తేలనివి

చెక్కిన వస్తువు ఎప్పుడు కలప కాకుండా పోతుంది? చందన తైలం కూడా అటవీ ఉత్పత్తేనని సుప్రీంకోర్టు 1993లో అంది. వెదురు చాప మనిషి శ్రమతో వచ్చిన కొత్త వస్తువు కాబట్టి అటవీ ఉత్పత్తి కాదని 1996లో అదే కోర్టు చెప్పింది. ఈ రెండింటి మధ్య ఎక్కడో లేతు మీద గుండ్రంగా తిప్పి, తొలచకుండా వదిలేసిన రోజ్‌వుడ్ గిన్నె ఉంది. సైటీస్ చెప్పే ‘తయారైన వస్తువు’ గీత దగ్గరా ఇదే సందేహం.

చిన్న మొత్తానికి ఏ కాగితం చాలు? 2023 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ ఒకే రవాణా పాస్ విధానాన్ని ప్రారంభించింది. మినహాయింపు ఉన్న చెట్లకు ఆన్‌లైన్‌లో తామే ధ్రువపత్రం తీసుకునే వీలు కల్పించింది. ఇది చెట్లు పెంచే రైతులను, రవాణాదారులను దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు. సంచిలో మూడు కిలోల ముక్కతో రైలెక్కేవాడి కోసం ఆలోచించినది కాదు. అతనికి అడితి బిల్లు చాలునా అన్నది ఇప్పటికీ ఏ చెక్‌పోస్టు దగ్గర ఏ అధికారి ఉన్నారన్న దాని మీదే ఆధారపడుతోంది. చిన్న కొనుగోలుదారుకు స్పష్టమైన పరిమితి, దానికో సులువైన రసీదు ఉండాలన్న కోరిక న్యాయమైనదే. అది దొంగ రవాణాకు దొడ్డిదారి అవుతుందన్న అటవీ శాఖ భయమూ ఊరికే పుట్టినది కాదు. శేషాచలం కొండల్లో ఎర్రచందనం దొంగ రవాణా ఎంత సాగిందో అందరికీ తెలుసు.

అన్నిటికన్నా తేలనిది ఎర్రచందనం సంగతి. 2023 నవంబరులో సైటీస్ స్థాయీ సంఘం ఈ చెట్టు విషయంలో మన దేశాన్ని ప్రత్యేక సమీక్ష జాబితా నుంచి తప్పించింది. సొంత పొలాల్లో దీన్ని నాటిన రైతులకు అది ఆశ కలిగించింది. ఆ చెట్లు చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ కలప బజారుకు వచ్చేసరికి అడవి దుంగను, పొలం దుంగను వేరుచేసి చూపే పద్ధతి సిద్ధమై ఉండాలి. అప్పుడు అందులోంచి బిరడకు సరిపడే ముక్కను రైతు పేరు, సర్వే నంబరు రాసిన బిల్లుతో వీణ పనివాడికి అమ్మనిస్తారా, లేక అదంతా ఎగుమతి వేలాలకే పోతుందా అన్నది ఇంకా ఎవరూ నిర్ణయించలేదు.